ఫ్యాను శ్రుతి

ఖగేన్ కర్మకార్ చూపుడువేలు పైకెత్తితే నందీల కొట్టు మొత్తం నోరు మూసుకోవాల్సిందే. చిత్‌పూర్ రోడ్డు మీద పోయే ట్రామును ఆపడం ఒక్కటే ఆయన వల్ల కాదు. అది గంట కొట్టుకుంటూ మలుపు తిరిగేదాకా వేలు అలాగే నిలబెట్టి కూర్చుంటాడు. లోపల మాత్రం తిత్తులు అంటించే ఇద్రిస్ చేతిలో సుత్తి గాల్లో ఆగిపోతుంది, చెక్కకు లక్క పాలిష్ రుద్దే సనాతన్ గుడ్డ కింద పెడతాడు, నెత్తిమీద తిరిగే ఫ్యాను కూడా కట్టేస్తారు. భాద్రపదమాసపు ఉక్కలో వీపుల మీద చెమట కాలవలు కడుతున్నా ఎవరూ ఓ కాగితం తీసుకుని విసురుకోరు. హార్మోనియం రీడ్లకు శ్రుతి చేసేవాడు కూర్చున్నాడంటే అంతే, ఆ కొట్టు పద్ధతి అది.

ఆ పద్ధతి తెలియనిది ఒక్క కంప్యూటరే. యజమాని మేజ్‌బాబు కూతురు తూతుల్ దాన్ని ఖగేన్ గదికీ ముందు కొట్టుకీ మధ్యనున్న ప్లైవుడ్ అడ్డుకు ఆనించి పెట్టింది. ఢిల్లీ నుంచీ ఢాకా నుంచీ వచ్చే ఆర్డర్లన్నీ అందులోనే చూస్తుంది. ప్రాసెసర్ వేడెక్కకుండా దాని పొట్టలో అరచేతికన్నా చిన్న ఫ్యాను ఒకటి తిరుగుతూ ఉంటుంది. అది గురక పెడుతుంది, మధ్యమధ్య దగ్గుతుంది, ఆ గురక మీద సన్నగా ఒక కూత కూస్తుంది. గురకతో ఖగేన్‌కు పేచీ లేదు. కూతతోనే ఉంది.

సోమవారం నాడు శిప్రా గంగూలీ హార్మోనియం పెట్టె తిరిగొచ్చింది. భవానీపూర్‌లో పాతికమంది ఆడపిల్లలకు పాట నేర్పే టీచరమ్మ ఆమె. పై స్థాయిలో రెండు వరసల రీడ్లు ఒకదానితో ఒకటి కలవడం లేదనీ, తోడికోడళ్లు ఒక వంటింట్లో ఉన్నట్టు ఉందనీ కబురు పంపింది. వర్షాకాలం మొదలయ్యాక ఇలా పెట్టెలు తిరిగిరావడం ఇది మొదటిసారి కాదు.

మేజ్‌బాబు పెట్టెను బల్లమీద పెట్టి, తనే తిత్తి ఊదుతూ చివరి మెట్లు నొక్కాడు. "మీరే వినండి ఖగేన్‌దా" అన్నాడు.

ఖగేన్ తల వంచి విన్నాడు. ఆయన చెవికి తేడా ఏమీ తెలియలేదు. కానీ మేజ్‌బాబు ముఖం చూస్తే అక్కడేదో ఉందని తెలుస్తోంది, తూతుల్ కళ్లు దించేసుకుంది. రెండు రీడ్లు కలవకపోతే వాటి మధ్య ఒక అల లేస్తుంది, గొంతు వణికినట్టు. కలుస్తున్నకొద్దీ అల నెమ్మదిస్తుంది, పూర్తిగా కలిస్తే ఆగిపోతుంది. ఆ అల ఆగే క్షణం కోసమే ఖగేన్ ఇన్నాళ్లూ బతికాడు. ఇప్పుడు ఆయనకు వినిపిస్తున్నదల్లా అడ్డుకు అవతలి నుంచి వచ్చే ఆ కూత.

"ఆ యంత్రం పక్కనే కూర్చుని ఏడుస్తుంటే నన్నేం వినమంటారు మేజ్‌బాబూ? ముందు దాని నోరు మూయించండి, ఆ తర్వాత నా చెవుల సంగతి మాట్లాడదాం."

మేజ్‌బాబు చెడ్డవాడు కాదు, అదే వచ్చిన చిక్కు. గట్టిగా ఒక్క మాట అనడు. దుర్గాపూజ దగ్గరకొచ్చేసిందనీ, శనివారం టీచరమ్మ స్వయంగా వస్తుందనీ, ఈలోగా పెట్టె సరిపడకపోతే ఇకనుంచి తూతుల్ ఫోన్లో శ్రుతి మీటర్ పెట్టుకుని ఆ పని చూసుకుంటుందనీ నెమ్మదిగా చెప్పాడు. "మీరు తిత్తుల దగ్గర ఇద్రిస్ పక్కన కూర్చుందురుగాని. పెద్దవారు, మిమ్మల్ని కొట్టు వదిలి పొమ్మని నేనెన్నడూ అనను" అని ముగించాడు. ఆ చివరి మాట మెత్తగా వచ్చి లోతుగా దిగింది.

తూతుల్ అడ్డుపడింది. "కాకా చెప్పేది నిజం బాబా. తప్పు నా కంప్యూటర్‌ది. శనివారం లోపల దాన్ని కుక్కిన పేనులా చేస్తాను, చూడు."

ఆ మధ్యాహ్నమే నేలమీద పాత పేపరు పరిచి కంప్యూటర్ పక్క రేకు ఊడదీసింది. లోపల చూస్తే నందీల కొట్టు మొత్తం అక్కడే కాపురముంది. చెక్క పొట్టు, తోలు నూగు, లక్క పొడి కలిసి ఫ్యాను రెక్కల మీద బూడిదరంగు కంబళిలా పేరుకుపోయాయి. ఫ్యానుకింద ఉన్న అల్యూమినియం పలకల సందుల్లో గాలి దూరే చోటే లేదు. సనాతన్ దగ్గర పాలిష్ కుంచె తీసుకుని, రెక్కలు గిరగిరా తిరగకుండా వేలితో అదిమిపట్టి, ఒక్కో సందూ దులిపింది. మధ్యలో అంటించిన కాగితం బిళ్ల గోటితో లేపి, ఇరుసులో ఒక్క చుక్క కుట్టుమిషను నూనె వేసింది. ప్రాసెసర్ మీద ఎండి అట్టకట్టిన పాత పేస్టును స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి కొత్తది పెట్టబోతుంటే, ఇద్రిస్ మెడ చాచి చూశాడు.

"పాన్‌లో సున్నం రాసినంత రాయమ్మా, ఎక్కువైతే నోరు పొక్కుద్ది."

"నాకు తెలుసులే ఇద్రిస్ చాచా, నీ పాన్ సంగతి నువ్వు చూసుకో."

బొత్తం నొక్కింది. గురక లేదు, దగ్గు లేదు. సనాతన్ ఈల వేశాడు. అందరూ ఖగేన్ వైపు చూశారు. ఆయన వేలు పైకి లేచింది. కాసేపటికి ఆయన తల అడ్డంగా ఊపాడు.

"గురక పోయింది. కూత ఉంది."

మంగళవారం తూతుల్ చాందినీ బజారుకు పోయి కొత్త ఫ్యాను తెచ్చింది. ఈసారి ఖగేన్ కూడా నేలమీద చతికిలబడ్డాడు. రేకుకూ ఫ్యానుకూ మధ్య మెత్తగా ఏదైనా పెడితే అదురు రేకులోకి ఎక్కదని ఆమె చెబితే, తన సొరుగులోంచి మెట్ల కింద వేసే మేకపిల్ల తోలు తీశాడు. తప్పుడు గాలి ఒక్క పిసరు కూడా పోనివ్వని తోలు అది. దాన్ని బిళ్లలుగా కోసి, మధ్యలో దబ్బనంతో కన్నం పెట్టి, మరలకు తొడిగాడు. పిల్ల చేతుల పక్కన తన చేతులు పనిచేస్తుంటే ఆయనకు లోపల హాయిగా అనిపించింది. ఇంతమంది తన చెవి కోసం ఇంత తాపత్రయపడుతున్నారంటే ఆ చెవికి ఇంకా విలువ ఉన్నట్టే కదా అనుకున్నాడు.

తూతుల్ తెరమీద ఏదో సరిచేసి ఫ్యాను వేగం కూడా తగ్గించింది. ఇద్రిస్ డబ్బాకు చెవి ఆనించి, "నిద్రపోయింది" అన్నాడు. సనాతన్ కూడా చెవి ఆనించాడు. మేజ్‌బాబు వచ్చి, పంచె సర్దుకుని వంగి విని, ఏమీ లేదన్నాడు.

ఖగేన్ తన బల్ల దగ్గర కూర్చుని కళ్లు మూసుకున్నాడు. ఉంది. పై స్థాయి ఆఖరి మెట్టుకు కాస్త పైన, కోమల నిషాదానికి దగ్గరగా, సూది మొనలాగా నిలబడి ఉంది.

"అలాగే ఉంది" అన్నాడు.

"ఖగేన్‌దా, రేపు నిన్ను నీమ్‌తలా ఘాట్‌లో పడుకోబెడితే చితి మీంచి లేచి కట్టెలు శ్రుతి తప్పాయంటావు" అన్నాడు ఇద్రిస్. సనాతన్ పగలబడి నవ్వాడు. మేజ్‌బాబు నవ్వలేదు. ఒకసారి ఖగేన్‌నూ, ఒకసారి కూతురినీ చూసి, ముందుకొట్టులోకి వెళ్లిపోయాడు. ఆ చూపు ఖగేన్‌కు నచ్చలేదు. అబద్ధం చెబుతున్నానని అనుకుంటున్నాడా?

తూతుల్ మాత్రం విసుక్కోలేదు. ఇంకా పెద్ద ఫ్యాను దొరుకుతుందట, జానెడు వెడల్పు, చాలా నెమ్మదిగా తిరుగుతుందట. "మంద్రం రీడులాంటిది కాకా. పెద్ద నాలుక కదా, పైకి కూయమన్నా కూయలేదు."

తన భాషలో చెప్పేసరికి ఖగేన్ మురిసిపోయాడు. నాలుక పొడుగైతే స్వరం దిగాలి, అందులో సందేహం లేదు. అయితే నిన్నటి ఫ్యానుకూ ఇవాళ్టి ఫ్యానుకూ కూత ఒక్క వెంట్రుకవాసి కూడా మారలేదేమిటన్న ఆలోచన వచ్చింది గానీ, రెండూ ఒకే సైజు కదా అని దాన్ని అవతలికి నెట్టేశాడు.

రాత్రి అన్నం దగ్గర ట్యూబులైటు చోక్ కూస్తోందని లేచి దాన్ని ఆర్పి, మూలనున్న చిన్న బల్బు వేశాడు. ఇది ఈమధ్య రోజూ ఉండే తంతే. భార్య పూర్ణిమ హిల్సా చేప ముక్క కంచంలో వేస్తూ, ఈ గుడ్డి దీపంలో ముల్లు గొంతులో దిగితే అప్పుడు తెలుస్తుంది కూత సంగతి అని గొణిగింది. మళ్లీ ఎందుకో జాలిపడి, తనే ముళ్లు ఏరి పెట్టింది. బల్బు కింద కూడా ఆయనకు అన్నం సయించలేదు. ఈసారి కూసేది పక్కింటివాళ్ల మోటారు కాబోలు అనుకున్నాడు.

బుధవారం ఉదయం ఖగేన్ ఒక నిర్ణయంతో కొట్టుకు వచ్చాడు. ఎవరికీ వినిపించని చప్పుడును వినిపించేలా చేయాలి. ఆ కూత ఏ శ్రుతిలో ఉందో సరిగ్గా అదే శ్రుతికి ఒక రీడు అరగదీసి మేజ్‌బాబు చేతిలో పెడతాడు. ముందు ఇది వినండి, తర్వాత ఆ డబ్బా దగ్గర చెవి పెట్టండి, అప్పుడు లేదనండి చూద్దాం అంటాడు. శ్రుతి చేసేవాడికి తప్ప ఇంకెవరికీ రాని ఆలోచన అది, ఆయనకది ఎంతో న్యాయంగా తోచింది.

ఎవరినీ పలకరించకుండా గదిలోకి పోయి అడ్డుకు వీపు పెట్టి కూర్చున్నాడు. పాత రీడ్ల పెట్టెలోంచి అన్నిటికన్నా చిన్నది ఏరాడు, చిన్నపిల్ల గోరంత ఇత్తడి నాలుక. దానికింద పలచటి ఉక్కు రేకు దూర్చి, ఆకురాయితో కొసను ఒక్కసారి తాకించాడు. బల్లమీది కన్నంలో పెట్టి కాలితో తిత్తి తొక్కాడు. ఇంకా కిందే ఉంది. మళ్లీ తీసి, మళ్లీ గీశాడు. కొసన గీస్తే స్వరం ఎక్కుతుంది, మొదట్లో గీస్తే దిగుతుంది, ఒక్క గీత ఎక్కువైతే నాలుక పనికిరాకుండా పోతుంది. ఇత్తడి పొడి బొటనవేలి మీద బంగారు నలుసుల్లా మెరిసింది.

ఒక వింత జరిగింది. రీడు కూతకు దగ్గరపడింది, అయినా అల లేవలేదు. రెండు చప్పుళ్లు అంత దగ్గరగా నిలబడితే మధ్యలో అల పుట్టి తీరాలి. ఇవి పక్కపక్కనే ఉన్నాయి, ఒకదాన్నొకటి ముట్టుకోవడం లేదు. ఇలాంటిది ఆయన పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. తిత్తి తొక్కి వినడం, ఆపి కూతను వినడం, మళ్లీ తొక్కడం, ఇలా జ్ఞాపకం మీదనే శ్రుతి పట్టుకున్నాడు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి రెండూ ఒక్కటయ్యాయి. తిత్తి తొక్కినా ఆపినా ఒకే స్వరం. చాన్నాళ్ల తర్వాత తన పని తనకు ముద్దొచ్చింది.

అప్పుడే తూతుల్ గొడుగు దులుపుకుంటూ లోపలికి వచ్చింది. చేతిసంచీ బల్లమీద బోర్లించింది. అందులోంచి జానెడు వెడల్పు కొత్త ఫ్యాను ఒకటి, దాని వెనకే నిన్నటి చిన్న ఫ్యాను, తోలు బిళ్లలతో సహా, జారిపడ్డాయి.

ఖగేన్ ఆ చిన్న ఫ్యానును చూశాడు. "ఇది నీ దగ్గరుందేం?"

"కొలత కోసం పట్టుకెళ్లాను కాకా. పొద్దున నువ్వు రాకముందే ఊడదీసి తీసుకుపోయాను. చాందినీలో అన్ని కొట్లూ తిరిగేసరికి ఇంత పొద్దెక్కింది. పొద్దున్నించీ కంప్యూటర్ పెట్టనేలేదు, పాపం ఆర్డర్లన్నీ అలాగే పడున్నాయి." ఆమె నవ్వింది. "ఇవాళైనా నీకు ప్రశాంతంగా ఉందా? ఫ్యానే లేదుగా."

ఖగేన్ వెనక్కి తిరిగి అడ్డు పైనుంచి చూశాడు. డబ్బా రేకు తెరిచి ఉంది. వైరు పీకి ఉంది. దీపం లేదు.

కూత ఉంది.

"ఉంది" అన్నాడు. "చాలా ప్రశాంతంగా ఉంది."

"ఆ చేతిలో ఏంటి?"

"ఏం లేదమ్మా. పాత రీడు." దాన్ని తిరిగి పెట్టెలో పడేసి, టీ తాగి వస్తానని లేచాడు.

రోడ్డు మీద టీ కొట్టువాడు మట్టి ముంతలో టీ పోసి ఇచ్చాడు. ఖగేన్ దాన్ని తాగకుండా పక్కన పెట్టాడు. ఒక చెవి అరచేత్తో మూసుకున్నాడు, తర్వాత రెండోది, తర్వాత రెండూ. బయటి గోల తగ్గినకొద్దీ లోపలిది పెరిగింది. ట్రాము ఎదురుగా దడదడలాడుతూ పోయింది, దాని అడుగునా అదే ఉంది. ట్యూబులైటు, పక్కింటి మోటారు, కంప్యూటర్, పాపం వాటన్నిటినీ తిట్టాడు. అల ఎందుకు లేవలేదో ఇప్పుడు అర్థమైంది. గదిలో ఉన్నది ఒక్క చప్పుడే, రీడుది. రెండోది గదిలో లేదు.

ఎప్పటినుంచి? ఆయనకు తెలియదు. భవానీపూర్ ఆడపిల్లలు కలవని రీడ్లతో గొంతు కలపడానికి ఎన్నాళ్ల నుంచి అవస్థ పడుతున్నారో తెలియదు. వాళ్ల గొంతులే బాగాలేవని ఎవరైనా తిట్టారేమో. తను మంచివనుకుని, వేలితో తట్టి, లారీలకెక్కించిన పెట్టెలు ఎన్ని ఊళ్లలో తప్పు పాడుతున్నాయో తెలియదు. ఏడుపు వస్తే బాగుండుననుకున్నాడు. రాలేదు. ముంత చల్లారిపోయింది, కాలవలో వంపేశాడు.

తిరిగి వచ్చేసరికి పెద్ద ఫ్యాను బిగించడం అయిపోయింది. తూతుల్ బొత్తం నొక్కింది. రెక్కలు సోమరిగా తిరగడం కనిపిస్తోంది. సనాతన్, ఇది నిజంగా తిరుగుతోందా లేదా అని వేలు పెట్టబోయి తిట్లు తిన్నాడు. మేజ్‌బాబు మనస్ఫూర్తిగా కూతురి వీపు తట్టాడు. శిప్రా గంగూలీ పెట్టెను తెచ్చి ఖగేన్ బల్లమీద పెట్టి, "ఇక అడ్డేం లేదుగా ఖగేన్‌దా" అన్నాడు.

ఖగేన్ కూర్చున్నాడు. పెట్టె పై పలక తీశాడు. వేలు పైకెత్తాడు. ఇద్రిస్ సుత్తి ఆగింది, సనాతన్ గుడ్డ ఆగింది, నెత్తిమీది ఫ్యాను ఆగింది. తూతుల్ అడ్డు పక్కన నిలబడి, పరీక్ష రాస్తున్న పిల్లవాడి తల్లిలాగా చూస్తోంది. ఆయన పై స్థాయి రీడ్లు రెంటినీ కలిపి ఊదాడు. ఆ రెంటికీ మధ్య ఏముందో వినపడలేదు. మళ్లీ ఊదాడు. ఇంతమంది ఉక్కలో మగ్గుతూ తనకు అప్పగించిన ఈ నిశ్శబ్దాన్ని తను దొంగిలిస్తున్నానని అనిపించింది. ఆకురాయి ముట్టకుండానే వేలు దించేశాడు.

మేజ్‌బాబు దగ్గరకు పోయి, నడుం పనిచేయడం లేదని, బల్ల దగ్గర కూర్చోలేకపోతున్నానని, తిత్తుల దగ్గరైతే గోడకు చేరగిలబడొచ్చని చెప్పాడు. చెవి మాట ఎత్తలేదు. నందీల కొట్టులో శ్రుతి చేసేవాడికి చెవుల్లేవని ఈ రోడ్డులో ఒక్కడికి తెలిస్తే సాయంత్రానికి అందరికీ తెలుస్తుంది, అమ్మిన ప్రతి పెట్టే మళ్లీ గుమ్మం ముందుకు వచ్చి నిలబడుతుంది. మేజ్‌బాబు ఎందుకని అడగలేదు. ఆయన భుజాలు తేలిక పడటం ఖగేన్ చూశాడు.

తూతుల్‌కు మాత్రం కోపం వచ్చింది. గదిలోకి వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"మూడు రోజులు దాంతో కుస్తీ పట్టాను కాకా. బాబాతో వాదించాను. తీరా అంతా సద్దుమణిగాక నీకు నడుం నొప్పి వచ్చిందా? ముందే నాతో చెప్పొచ్చుగా, పని ఇష్టం లేదని."

"పెద్దవాణ్ణయ్యానమ్మా."

"సోమవారం నుంచి ఇవాళ్టికి పెద్దవాడివయ్యావా?"

నిజం చెబితే ఆ పిల్ల ఏడుస్తుంది, ఏడిస్తే మేజ్‌బాబుకు తెలుస్తుంది. నిష్ఠూరమే నయమనుకున్నాడు. ఆమె ఆకురాయీ, ఉక్కు రేకూ ఆయన చేతిలోంచి తీసుకుని, ముఖం చూడకుండా వెళ్లిపోయింది.

గురువారం నుంచి ఖగేన్ ఇద్రిస్ పక్కన కూర్చుని మడత అట్టలకు తోలు పట్టీలు అంటిస్తున్నాడు. ఇద్రిస్ ఒక్క ప్రశ్న వేయలేదు. అయితే ఆ రోజు నుంచి ఏదైనా చెప్పాలంటే చేస్తున్న పని ఆపి, ఖగేన్ వైపు తిరిగి, ముఖంలోకి చూస్తూ చెప్పడం మొదలుపెట్టాడు. రెండోసారి అలా తిరిగినప్పుడు ఖగేన్‌కు అర్థమైంది. ఇతనికి ఎప్పుడో తెలుసు. తలవంచుకుని జిగురు కలుపుకున్నాడు.

శనివారం ఉదయం, టీచరమ్మ రావడానికి ముందు తూతుల్ ఆ బల్ల సర్దుతూ పాత రీడ్ల పెట్టె బోర్లించింది. ఒక చిన్న రీడు చేతికి తీసుకుని అడ్డు మీదుగా ఎత్తి చూపించింది.

"కాకా, ఇది ఏ మెట్టుది? మీటర్లో దేనికీ సరిపడటం లేదు. ఇంత నున్నగా ఎవరు గీశారు?"

ఆమె దాన్ని పెదాల దగ్గర పెట్టుకుని ఊదింది. ఆమె బుగ్గలు పొంగడం ఖగేన్ చూశాడు. సనాతన్ చెవులు మూసుకుని ముఖం చిట్లించాడు. ఖగేన్‌కు కొత్త చప్పుడేదీ వినపడలేదు.

"నేనే. ఫ్యాను కోసం చేశాను."

తూతుల్‌కు అర్థం కాలేదు. అడగడానికి కోపం ఇంకా పూర్తిగా తగ్గలేదు. "ఫ్యాను పీడ వదిలిందిగా. పారెయ్యనా?"

"పారెయ్యి."

ఇత్తడి ముక్కల డబ్బాలో రీడు టింగుమని పడింది. తూతుల్ బల్ల ముందు కూర్చుని, ఫోన్ ఎదురుగా నిలబెట్టుకుని, టీచరమ్మ పెట్టె దగ్గరకు లాక్కుంది. ఒక్క క్షణం తటపటాయించి చూపుడువేలు పైకెత్తింది. సనాతన్ గుడ్డ కింద పెట్టాడు. ఎవరో లేచి నెత్తిమీది ఫ్యాను కట్టేశారు. ఇద్రిస్ సుత్తి ఆపి ఖగేన్ వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకున్నాడు. ట్రాము రాలేదు. కొట్టు మొత్తం నిశ్శబ్దమైపోయిందని అందరి ముఖాలూ చెబుతున్నాయి. ఖగేన్ జిగురు కుంచె ముంత అంచుమీద ఆనించి, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఆ పిల్ల వేలు దించేదాకా ఆ కూతతో అలాగే కూర్చున్నాడు.